మీరు టీవీ ఎక్కడ కూర్చుని చూశారు? దూరదర్శన్ సినిమా జ్ఞాపకాల్లో మన వాడ

2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్ చనిపోయిన రోజు మా ఫోన్లన్నీ పాత జ్ఞాపకాలతో నిండిపోయాయి. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తలు చదివిన మనిషి ఆయన. మాటలు వార్తల దగ్గర మొదలై పాటల మీదికి, పాటల నుంచి సినిమాల మీదికి పోయాయి. శుక్రవారం చిత్రలహరి, హిందీలో చిత్రహార్, వారాంతంలో తెలుగు సినిమా, మధ్యలో కరెంటు పోతే అందరూ ఒక్కసారిగా పెట్టే కేక. "అప్పుడు ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేది" అని ఎవరో రాశారు. దాని కింద లెక్కలేనన్ని దండాలు, కన్నీటి బొమ్మలు.

మాలో ఒకరు ఒక్క ప్రశ్న పెట్టారు. ఊరంతానా? మీరు ఎక్కడ కూర్చున్నారు?

ఆ తర్వాత గ్రూపులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రాత్రి పొద్దుపోయాక ఒక్కొక్కరే జవాబు రాయడం మొదలుపెట్టారు. కిటికీ బయట. వసారా మెట్ల కింద. పంచాయతీ ఆఫీసు ముందు, జనానికి వెనక, చెప్పులు విడిచే చోట. ఒకామె అసలు చూడనే లేదు, విన్నది. వాళ్లింటి గోడకు అవతల ఉన్న ఇంట్లో టీవీ ఉండేది, పాటలన్నీ నోటికి వచ్చుగానీ ఆ పాటల్లో ఎవరు ఆడారో పెద్దయ్యాక గానీ తెలియలేదట.

మేము అమ్రాబాద్, పదర, మన్ననూరు, అచ్చంపేట చుట్టుపక్కల పుట్టి చదువుల కోసం, పనుల కోసం హైదరాబాద్ చేరినవాళ్లం. నల్లమల మీది ఆ పీఠభూమిని అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా అనేవాళ్లు, ఇప్పుడు నాగర్‌కర్నూల్ అంటున్నారు. పాత టీవీ సినిమా కార్యక్రమాల మీద మాకూ ప్రేమ ఉంది. ఆ ప్రేమను దాచుకోవాల్సిన పని లేదు. కాకపోతే ఆ జ్ఞాపకాన్ని ఇప్పుడు పుస్తకాల్లో, వీడియోల్లో, సంస్మరణ సభల్లో చెబుతున్నవాళ్లు టీవీ ఉన్న ఇళ్ల పిల్లలు. చాప మీద కూర్చున్నవాళ్లు చెప్పే కథ వేరు, చాప అంచు దాకా కూడా రానివ్వనివాళ్లు చెప్పే కథ వేరు. రెండోది ఎవరూ రాసి పెట్టడం లేదు.

ఒక్క ఛానెల్, ఒక్క పెట్టె

ఇప్పటి విద్యార్థులకు కొంచెం నేపథ్యం చెప్పాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే ప్రయోగం ఒకటి జరిగింది. దాన్ని సైట్ అనేవాళ్లు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో సామూహిక టీవీలు పెట్టారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో పాటు రంగుల ప్రసారం వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో రిలే కేంద్రాలు దేశమంతా పెరిగి, చిన్న పట్టణాల దాకా బొమ్మ చేరింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చేదాకా తెలుగువాళ్లకు టీవీ అంటే దూరదర్శనే.

ఒక్క ఛానెల్ కాబట్టి అందరూ అదే చూశారు అనుకోవడం సులువు. అయితే ఛానెల్ ఒక్కటే గానీ, దానికి చేరే దారి ఒక్కటి కాదు. సొలిడెయిర్, డయనోరా, హైదరాబాద్‌లోనే తయారయ్యే ఈసీ టీవీ, ఏదైనా సరే భూమి ఉన్న ఇంటికో ఉద్యోగం ఉన్న ఇంటికో ముందు వచ్చింది. అమ్రాబాద్ వైపు ఇంకో చిక్కు కూడా ఉండేది. చుట్టూ గుట్టలు. సిగ్నల్ అందాలంటే యాంటెనా చాలా ఎత్తున కట్టాలి. ఎత్తైన డాబా ఎవరిది? ఒకడు పైకెక్కి పైపు తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం, కింద నుంచి "ఇంకొంచెం శ్రీశైలం దిక్కు" అని కేకేయడం అందరి జ్ఞాపకాల్లోనూ ఉంటుంది. మా జ్ఞాపకంలో ఇంకో ముక్క ఉంది. పైకెక్కి ఆ పైపు తిప్పింది మావాళ్లే. ఎక్కడానికి డాబా మీదికి రానిచ్చారు. బొమ్మ కుదిరాక కిందికి దిగి, బయటి నుంచి చూశారు.

పంచాయతీ టీవీ అందరిదీ అనే మాట కాగితం మీద నిజమే. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లు. తాళం చెవి ఎవరి మొలతాడుకు ఉంటే టీవీ వాళ్లది. పంచాయతీ ఆఫీసు ఊరి నడుమ ఉంటుంది, మన వాడ ఊరి చివర ఉంటుంది. రాత్రి సినిమా అయ్యాక ఆడపిల్లలు అంత దూరం ఎట్లా తిరిగి రావాలి? అందుకే మా అమ్మల తరానికి దూరదర్శన్ జ్ఞాపకాలు దాదాపు లేవు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి మేము మా ఇళ్లలో అడగాల్సి వచ్చింది. అప్పటిదాకా మాకూ తోచలేదు, ఒప్పుకుంటున్నాం.

ఇక నల్లమల లోపలి చెంచు పెంటల్లో టీవీ సంగతి దేవుడెరుగు, కరెంటు తీగే లేదు.

పాట ఉంది, సినిమా ఉంది, సమీక్ష ఏది?

ఆ రోజుల్లో టీవీ సినిమా కార్యక్రమాలు ఎక్కువగా రెండు రకాలు. పాటలు గుదిగుచ్చి వేసేవి, తారలతో కబుర్లు చెప్పేవి. హిందీలో తబస్సుమ్ నడిపిన 'ఫూల్ ఖిలే హైఁ గుల్షన్ గుల్షన్' రెండో రకానిది, 1972 నుంచి ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ఒక సినిమాను ముందు పెట్టుకుని ఇది ఏం చెబుతోంది, ఎవరి గురించి చెబుతోంది, నిజమే చెబుతోందా అని వాదించుకునే కార్యక్రమం తెలుగు టీవీలో మాకు గుర్తున్నంతలో లేదు. ఆ పని పత్రికలది. అయితే విజయచిత్ర, జ్యోతిచిత్ర, సితార కొనే ఇల్లు మన వాడలో ఎక్కడిది? మంగలి షాపులో పాత సంచిక దొరికితే చదివినవాళ్లం. ప్రైవేటు ఛానెళ్లు వచ్చాక కొత్త సినిమాల మీద వారం వారం మాట్లాడే కార్యక్రమాలు వచ్చాయి. వాటిలో ఎక్కువగా ఫైట్లు బాగున్నాయా, ఫోటోగ్రఫీ బాగుందా, సెకండాఫ్ లాగిందా అన్న లెక్కలే.

టీవీ సమీక్ష అంటే ఎట్లా ఉండగలదో చూడాలంటే కొంచెం దూరం పోవాలి. అమెరికాలో షికాగో నగరంలో జీన్ సిస్కెల్, రోజర్ ఎబర్ట్ అని ఇద్దరు పత్రికా విలేకరులు ఉండేవాళ్లు. పోటీ పత్రికల్లో పనిచేసేవాళ్లు. 1975లో అక్కడి పబ్లిక్ టీవీ వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కొత్త సినిమాల మీద మాట్లాడించింది. కార్యక్రమం పేర్లు, ఛానెళ్లు మారినా ఆ జంట 1999లో సిస్కెల్ చనిపోయేదాకా కొనసాగింది. నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి. ఇప్పుడు మన ఫోన్లలో కొట్టే లైక్ గుర్తుకు ముందే ఆ వేలు సినిమా పోస్టర్ల మీదికెక్కింది.

వేలు కన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1994లో 'హూప్ డ్రీమ్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. షికాగో పేదవాడల్లోని ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కావాలని కనే కల, వాళ్ల వెంట ఏళ్ల తరబడి తిరిగి తీశారు. దాదాపు మూడు గంటల సినిమా, తారలు లేరు. థియేటర్లకు ఎవరు తీసుకెళ్తారో కూడా తేలకముందే ఈ ఇద్దరూ తమ కార్యక్రమంలో దాని గురించి గట్టిగా మాట్లాడారు. ఏడాది చివర ఇద్దరూ దాన్నే ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రం అన్నారు. ఆస్కార్‌లో ఉత్తమ డాక్యుమెంటరీ జాబితాలో దానికి చోటు దక్కనప్పుడు పెద్ద రగడ జరిగి, డాక్యుమెంటరీలను ఎంపిక చేసే పద్ధతినే మార్చాల్సి వచ్చింది. మాట్లాడిన ఇద్దరూ తెల్లవాళ్లే, అది మరిచిపోవద్దు. నల్లవాళ్ల కథ మీద తీర్పు చెప్పే కుర్చీలో నల్లవాళ్లు లేరు. అయినా టీవీలో అరగంట మాటకు ఎంత బలం ఉంటుందో ఆ సినిమా చూపించింది.

ఆ అరగంట మన దగ్గర 'దాసి'కి దొరికి ఉంటే?

ఆదివారం మధ్యాహ్నం వచ్చిన మన కథలు

దూరదర్శన్‌ను ఒక్క మాటలో తీసిపారేయలేం. థియేటర్ల యజమానులు ముట్టని సినిమాలు కొన్ని మన కళ్ల ముందుకు వచ్చింది దాని ద్వారానే. జాతీయ అవార్డులు పొందిన ప్రాంతీయ భాషల సినిమాలను ఆదివారం మధ్యాహ్నం వేసేవాళ్లు. పెద్దింటివాళ్లు భోంచేసి నిద్రపోయే వేళ. "అవార్డు సినిమా, ఏడుపు సినిమా" అని టీవీ ముందు నుంచి జనం లేచిపోయేవాళ్లు. వాళ్లు లేచిపోయాక మాకు ముందు వరుసలో చోటు దొరికేది. మా చదువుకు ఆ ఆదివారాలు చేసిన మేలు ఎవరూ ఉద్దేశించి చేసింది కాదు.

సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కోసం 'సద్గతి' తీశాడు. ప్రేమ్‌చంద్ కథ. బిడ్డ పెళ్లికి ముహూర్తం పెట్టించుకుందామని బ్రాహ్మణుడి ఇంటికి పోయిన చమార్ దుఖీ, తిండి లేకుండా కట్టెలు కొట్టి కొట్టి అక్కడే చచ్చిపోతాడు. శవాన్ని ముట్టుకోవడానికి లేదు కాబట్టి తాడు కట్టి ఈడ్చేస్తారు. ఓంపురి, స్మితా పాటిల్ నటించారు. 1988 మొదట్లో గోవింద్ నిహలానీ 'తమస్' వచ్చింది. దేశ విభజన కథ. అది మొదలయ్యేది ఎక్కడ? తోళ్ల పని చేసే నత్తూ చేత అబద్ధం చెప్పి పందిని చంపించే దగ్గర. పెద్దకులాల, పెద్దమతాల కొట్లాటకు నిప్పు పెట్టడానికి చేతులు మనవి కావాలి. ఆ మాట అప్పుడు ఎవరైనా టీవీలో కూర్చుని విప్పి చెప్పి ఉంటే, పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేది.

తెలుగులో చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. మన తెలంగాణ పల్లె బతుకును తెర మీద పెట్టిన తొలి గట్టి సినిమాల్లో చాలావరకు బయటివాళ్లు తీసినవి. 1977లో మృణాల్ సేన్ కలకత్తా నుంచి వచ్చి 'ఒక ఊరి కథ' తీశాడు. గౌతం ఘోష్ కూడా అక్కడివాడే. బి. నర్సింగరావు నిర్మాతగా ఆయన తీసిన 'మా భూమి' 1980 మార్చిలో విడుదలైంది, దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. శ్యాం బెనెగల్ సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాడే అయినా 1974లో 'అంకుర్' హిందీలోనే తీశాడు, మన దక్కనీ యాసలో. 'అంకుర్'లో లక్ష్మి దళిత స్త్రీ. దొర కొడుకు ఆమె చేతి చాయ్ తాగుతాడు, ఆమెను వాడుకుంటాడు, చివరికి ఆమె మూగ భర్తను కొరడాతో కొడతాడు. ఆఖర్న ఒక చిన్న పిల్లగాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు. నలభై ఏళ్లకు నాగరాజ్ మంజులే 'ఫాండ్రీ'లో ఇంకో పిల్లగాడు రాయి విసిరాడు. ఈసారి కెమెరా మీదికి, అంటే చూస్తున్న మన మీదికి. రెండు రాళ్ల మధ్య ఏం మారిందో చెప్పమంటే మేము ఒక్కటే చెబుతాం. రెండో రాయి విసిరిన పిల్లగాణ్ని తీసినవాడు ఆ వాడ నుంచే వచ్చాడు.

'ఒక ఊరి కథ'కు మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. పని చేసి ఏం లాభం, దొర బాగుపడటం తప్ప అనుకుని పనే మానేసిన తండ్రీకొడుకులు, పురిటి నొప్పులతో చచ్చిపోయిన కోడలు, ఆమె శవం మీది గుడ్డ కోసం అడుక్కున్న డబ్బు. హిందీ దళిత రచయితలు 'కఫన్'ను తప్పుబట్టారు. భార్య చస్తుంటే బయట కూర్చుని ఆలుగడ్డలు తినే మనుషులుగా చమార్లను చూపడం ఏం నిజం అని అడిగారు. మృణాల్ సేన్ ఆ ముసలాడి సోమరితనాన్ని ఒక తిరుగుబాటుగా మలిచాడు, అది ఆయన గొప్ప. కానీ కులం మాట పల్చబడి, పేదరికం మాట మిగిలింది. 'మా భూమి'లోనూ అంతే. గద్దర్ తెర మీద కనబడి పాడే ఆ సన్నివేశం వస్తే మాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ సినిమా లేకపోతే మేము లేము అన్నంత రుణం ఉంది. అయినా అందులో దొర, రైతు కూలీ, సంఘం కనబడినంత స్పష్టంగా వాడ కనబడదు. వర్గం వెనక కులం నిలబడి ఉంటుంది, ముఖం మాత్రం కనిపించదు. ఈ మాట అంటే కోపం తెచ్చుకునే మిత్రులు మాకు ఉన్నారు. కోపం తెచ్చుకున్నా సరే, సమీక్ష అంటే ప్రేమించిన సినిమాను కూడా అడగగలగడం.

'దాసి' దగ్గర కాసేపు ఆగాలి. నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చింది, ఐదు జాతీయ అవార్డులు తెచ్చుకుంది. కమలాక్షిగా చేసిన అర్చనకు ఉత్తమ నటి, కెమెరా పట్టిన ఎ.కె. బీర్‌కు, కళా దర్శకత్వం చేసిన చిత్రకారుడు వైకుంఠానికి కూడా అవార్డులు. దొరసానితో పాటు కట్నంగా గడీకి వచ్చిన ఆడబాప కథ. ఆమె కడుపున పడ్డ బిడ్డను కూడా గడీయే తేలుస్తుంది. సినిమాలో మాటలు చాలా తక్కువ. మొదటిసారి చూసినప్పుడు టీవీ సౌండు పోయిందేమో అనుకున్నాం. మొన్న మా ఇళ్లలో ఒక అవ్వతో కలిసి మళ్లీ చూస్తుంటే పిల్లలు అదే అడిగారు, ఆమె ఎందుకు మాట్లాడదు అని. గడీలో మాట్లాడిన దాసి ఎవరని అవ్వ ఎదురడిగింది. ఆపై సినిమా వదిలేసి, వాళ్ల అత్తగారి చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. గడీకి పొద్దున్నే నీళ్లు మోయడం, దొరసాని కాన్పు అయితే వాడ ఆడవాళ్లు పోవాల్సి రావడం, దొర ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడవడం. సినిమాలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. ఏ వారపత్రికలోనూ రాని సమీక్ష అది. 1988లోనే ఆమెను ఎవరైనా అడిగి ఉండొచ్చు. ఎవరూ అడగలేదు.

చెంచులక్ష్మి ఎవరు?

అమ్రాబాద్ గురించి రాస్తూ ఈ సినిమాను దాటిపోలేం. 'చెంచులక్ష్మి' తెలుగులో రెండుసార్లు వచ్చింది, 1943లో ఒకసారి, 1958లో ఇంకోసారి. రెండోది బి.ఎ. సుబ్బారావు తీసింది. అక్కినేని, అంజలీదేవి, హిరణ్యకశిపుడిగా ఎస్వీ రంగారావు. అహోబిలం నరసింహుడు చెంచుపిల్లను పెళ్లాడిన కథ. సాలూరి రాజేశ్వరరావు పాటలు ఇప్పటికీ తాజాగానే ఉంటాయి. పాత పాటల కార్యక్రమం ఏదైనా సరే, చెట్టెక్కే పందెం మీది ఆ యుగళగీతం వేస్తే ఇల్లంతా నవ్వులే.

మా పక్కన అసలు చెంచులు ఉన్నారు. వాళ్లు తేనె కోసం కొండచరియ మీద నుంచి తాడుకు వేలాడుతూ దిగుతారు. పైన తాడు పట్టుకునే మనిషి మీదే ప్రాణం. ఆ తెగ పేరు పెట్టుకున్న సినిమాలో పూసల దండలు, ఆకుల పావడాలు, మేకప్ వేసిన అడవి. బడిలో మాతో చదివిన చెంచు పిల్లల్ని వేరే పిల్లలు ఆ పాట పాడి ఏడిపించేవాళ్లు. మేమూ పాడాం. అంటరానితనం ఎట్లుంటదో తెలిసిన మేమే, మాకన్నా ఇంకా అంచున ఉన్నవాళ్లను చూసి నవ్వాం. ఇది రాయకుండా వదిలేస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

మొదటి 'చెంచులక్ష్మి' వచ్చిన 1943లోనే లండన్‌లో ఒక పుస్తకం అచ్చయింది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అంతకు కొన్నేళ్ల ముందు ఇదే అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి రాసింది. ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి. అంటే ఒకే ఏడాది చెంచుల బొమ్మలు రెండు తయారయ్యాయి. ఒకటి సినిమాది, ఊళ్లూ పట్టణాలూ తిరిగింది, తర్వాత మళ్లీ తీస్తే టీవీల్లోకీ వచ్చింది. రెండోది నిజమైన మనుషులది, లండన్‌లో భద్రంగా ఉంది. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ల మనవలు మన్ననూరు చుట్టుపక్కల పెంటల్లోనే ఉన్నారు. తమ తాత బొమ్మ ఎంతమంది చూసి ఉంటారు?

ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2019లో, యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు టీవీ బండ్లు నల్లమలకు వరుస కట్టాయి. సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు, సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ మేలు మరవం. కానీ ఆ నెల రోజుల్లో స్టూడియోల్లో కూర్చుని అడవి గురించి మాట్లాడినవాళ్లలో పెంటల నుంచి వచ్చినవాళ్లు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వాడ సమీక్ష

తొంభైల్లో ఇంకో సంగతి జరిగింది. వీసీపీ. అచ్చంపేట నుంచి కలర్ టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు దొరికేవి. యువజన సంఘం పిల్లలు తలా కొంత వేసుకుని, ఏప్రిల్ 14న అంబేడ్కర్ బొమ్మకు దండ వేశాక రాత్రి వాడ నడుమ పెట్టేవాళ్లు. మొదటిసారి టీవీ మన దగ్గరికి వచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు లేరు. ముసలమ్మలు మంచాల మీద, పిల్లలు నేల మీద, మొగోళ్లు బీడీలు కాలుస్తూ గోడ వారన. మూడు సినిమాల్లో ఒకటి చిరంజీవిదో బాలకృష్ణదో, ఒకటి భక్తి సినిమా, ఇంకోటి ఆర్. నారాయణమూర్తిది. 'ఎర్రసైన్యం' అట్లా చూసిందే. 1997 తర్వాత 'ఒసేయ్ రాములమ్మ' వచ్చి అన్నిటినీ వెనక్కి నెట్టింది. దొర దౌర్జన్యం మీద తిరగబడ్డ దళిత పిల్లగా విజయశాంతిని చూసి మా ఊళ్లలో ఆడవాళ్లు లేచి నిలబడి అరిచారు.

మర్నాడు పొద్దున నాట్లలో అసలు సమీక్ష. కైకిలికి పోయిన ఆడవాళ్లు వరుసలో వంగి నాటు వేస్తూ రాత్రి సినిమాను ముక్కలు ముక్కలు చేసేవాళ్లు. హీరోయిన్ నారు పట్టుకున్న తీరు చూస్తే ఆమె ఎన్నడూ బురదలో దిగలేదని తెలుస్తుంది. హీరోకు నాగలి పట్టరాదు. రాములమ్మ అంత బాధలోనూ జాకెట్టు ఇస్త్రీ ఎట్లా నలగలేదు? దొర చచ్చిపోయాడు సరే, భూమి ఎవరికి పోయింది, సినిమా అది ఎందుకు చెప్పలేదు? ఈ చివరి ప్రశ్న ఒక్కటి చాలు. తెలంగాణ మీద వచ్చిన సగం సినిమాలకు అది వర్తిస్తుంది. విశ్వవిద్యాలయంలో చేరాక సినిమా సిద్ధాంతం పేరుతో మేము చదివిన పాఠాల్లో ఆ ప్రశ్నను దాటి పోయినవి తక్కువే.

ఆ మాటలు ఎక్కడా రికార్డు కాలేదు. ఇక్కడే అసలు చిక్కు. పాత టీవీ కార్యక్రమాలు ఎట్లా మిగులుతాయో తెలుసుకుంటే ఇది అర్థమవుతుంది. అప్పట్లో టేపు ఖరీదైనది. బీబీసీ అంతటి సంస్థే పాత టేపుల్ని చెరిపేసి మళ్లీ వాడుకుంది, వాళ్ల పేరున్న 'డాక్టర్ హూ' ధారావాహికలో తొంభైకి పైగా భాగాలు ఇప్పటికీ దొరకడం లేదు. సిస్కెల్, ఎబర్ట్‌ల పాత సంచికల్లో చాలా వాటిని ఇప్పుడు మనం చూడగలుగుతున్నామంటే, ఎవరో అభిమానులు ఇంట్లో వీసీఆర్‌తో రికార్డు చేసుకుని దాచడం వల్లే. అంటే మిగిలేది వీసీఆర్ ఉన్న ఇంటి అభిరుచి. ఆ ఇంటివాళ్లకు ఏది ముఖ్యమనిపిస్తే అదే రేపటి చరిత్ర. మన దగ్గర ఎనభైల్లో వీసీఆర్ ఉన్న ఇళ్లు ఎవరివో వేరే చెప్పాలా? అందుకే ఇప్పుడు అంతర్జాలంలో తేలుతున్న పాత దూరదర్శన్ ముక్కల్లో శాస్త్రీయ సంగీతం, నాటకాలు, పాటలు, తారల ఇంటర్వ్యూలు ఎక్కువ. వాటి మీద మాకు అసూయ లేదు, మేమూ చూస్తాం. కానీ అదే ఆ కాలపు మొత్తం బొమ్మ అని ఎవరైనా అంటే ఒప్పుకోం.

ఇప్పుడు ప్రతి ఫోన్‌లో ఒక సమీక్షకుడు ఉన్నాడు. మొదటి ఆట వదలకముందే రేటింగ్ వస్తుంది. మన పిల్లలు కూడా కొందరు ఛానెళ్లు పెట్టారు, కులం అడిగే సమీక్షలు చేస్తున్నారు, సంతోషం. కింద వచ్చే బూతులు చదివితే వాళ్లు ఎంత ఓర్పుతో చేస్తున్నారో తెలుస్తుంది. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్లలో పంచాయతీల ముందు తెరలు కట్టి చూపించారు. అన్నదమ్ములు కలిసి ఏడ్చారని పత్రికలు రాశాయి. తెర ఎక్కడ కట్టారు, వాడవాళ్లు ఎటు కూర్చున్నారు అని ఎవరైనా రాశారేమో అని వెతికాం. మాకు దొరకలేదు.

అందుకే ఈ వేసవి సెలవుల్లో ఇళ్లకు పోయే విద్యార్థుల్ని ఒక పని అడుగుతున్నాం. పరిశోధన అనుకోవద్దు, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెద్దల దగ్గర కూర్చోండి. మొదటి టీవీ ఎవరింట్లో చూశారు, ఎక్కడ కూర్చున్నారు అని అడగండి. ఆడవాళ్లను వేరుగా అడగండి, మగవాళ్ల ముందు వాళ్లు చెప్పరు. మన లాంటి మనిషిని తెర మీద మొదటిసారి ఎప్పుడు చూశారు, అది నిజమనిపించిందా అని అడగండి. మధ్యలో మీరు మాట్లాడొద్దు. కథ సినిమా నుంచి ఎటో పోతే పోనివ్వండి, అవ్వ చెప్పిన గడీ సంగతి మాకు అట్లానే దొరికింది. చెంచు పెంటలకు పోతే అక్కడివాళ్లను వెంటబెట్టుకుని, అడిగి పోండి. వాళ్లు సలేశ్వరం లింగమయ్య గురించే చెబుతామంటే అదే వినండి. రికార్డు చేసింది మొదట వాళ్లకు వినిపించండి.

మేము మా ఇళ్లలో ఇది మొదలుపెట్టాం. అట్లా దొరికిందే ఒక సంగతి. మా వాడల్లో ఒకదానికి మొదటి టీవీ వచ్చింది బొంబాయి కూలి డబ్బుతో. పాలమూరు లేబర్‌గా పోయి, మట్టి పని చేసి, తిరిగి వస్తూ ఒక కుటుంబం బ్లాక్ అండ్ వైట్ టీవీని బస్సు మీద కట్టి తెచ్చుకుంది. డాబా లేదు కాబట్టి యాంటెనా వేపచెట్టు కొమ్మకు కట్టారు. గాలి వస్తే బొమ్మ ఊగేది. మొదటి శుక్రవారం చిత్రలహరి వేళకు వాకిలి నిండిపోయింది. పెద్దింట్లో ఆ వారం టీవీ చెడిపోయిందట. ఆ ఇంటి చిన్న పిల్లగాడు వాడలోకి వచ్చి వాకిలి అంచున నిలబడ్డాడు. ఇంటావిడ చాప కొంచెం జరిపింది. అతను వచ్చి కూర్చున్నాడు. అప్పటికి పాట సగం అయిపోయింది.